ఏంజెల్ చేపల జంట గుడ్లు పెట్టేలా ఉంది, పిల్లల ట్యాంకు ముందే ఎలా సిద్ధం చేసుకోవాలి? (వైజాగ్ నీళ్ళు)

అక్కయ్యపాలెం_ఏంజెల్

అందరికీ నమస్కారమండి. మూడడుగుల ట్యాంకులో ఆరు ఏంజెల్స్ పెంచుతున్నాను. అందులో రెండు జంట కట్టాయి. ఒక మూల పట్టుకుని మిగతావాటిని అటు రానివ్వడం లేదు. పొద్దస్తమానం ఫిల్టరు పైపుని నోటితో రుద్దుతూనే ఉన్నాయి. ఇవాళో రేపో గుడ్లు పెట్టేస్తాయనిపిస్తోంది.

గుడ్లు కనబడ్డాక హడావుడి పడటం నాకిష్టం లేదు. పిల్లల కోసం వేరే తొట్టి ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకుందామని ఉంది. ఇంట్లో అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టి ఖాళీగా ఉంది. నీళ్ళు రెండు రకాలు: ఉదయం వచ్చే జీవీఎంసీ కుళాయి, అపార్ట్‌మెంటు బోరు. షాపులో అడిగితే వేరే తొట్టి దండగ, పెద్ద ట్యాంకులోనే వలపెట్టె వేలాడదీసి అందులో పెంచుకోమన్నారు. అది నిజమేనా? అడుగున ఇసుక వెయ్యాలా, మొక్కలు పెట్టాలా, మొదటి మేత ఏమిటి? ఎంత వివరంగా చెబితే అంత మేలు.

మేడమీద_ట్యాంకులు (ఎంవీపీ కాలనీ)

అమ్మా, గుడ్లకి ముందే అడిగారు, చాలా సంతోషం. ఎక్కువమంది పిల్లలు ఈదడం మొదలెట్టాక అడుగుతారు. అప్పటికి నీళ్ళు పాడై ఉంటాయి, చెప్పడానికి ఏమీ మిగలదు.

వలపెట్టె వద్దు. గప్పీ, మోలీ లాంటివి ఈదగలిగే పిల్లల్నే కంటాయి కాబట్టి వాటికి ఒకటి రెండు రోజులు పనికొస్తుంది. ఏంజెల్ పిల్లలు మొదట్లో ఈదలేవు, తోక ఆడిస్తూ అతుక్కుని ఉంటాయి. వల కన్నాలు పాచితో మూసుకుపోయి లోపలి నీళ్ళు నిలవ అయిపోతాయి, మేతగా వేసిన ఆర్టీమియా (గుడ్ల నుంచి పొదిగించే సన్నటి ఉప్పునీటి రొయ్య పిల్లలు) బయటికి పోతుంది, తల్లిదండ్రులు బయటి నుంచి వలని పొడుస్తుంటాయి. వేరే తొట్టే సరైనది.

మీ తొట్టి నిండా పోస్తే సుమారు 42 లీటర్లు. మొదట్లో నిండా పొయ్యొద్దు. ఆరంగుళాల మట్టం చాలు. మేత ఎక్కడో చెదిరిపోకుండా పిల్లల నోటి దగ్గరే ఉంటుంది. పిల్లలు పెరిగేకొద్దీ మట్టం పెంచుకుంటూ పోతే నీళ్ళు మార్చే పని కూడా తేలికవుతుంది. ఆ నీళ్ళు కూడా కొత్తవి కాదు, సగానికి పైగా పెద్ద ట్యాంకులోవే పొయ్యండి. గుడ్లు ఏ నీళ్ళలో పెట్టాయో ఆ నీళ్ళలోనే పొదగాలి.

అడుగున ఏమీ వెయ్యొద్దు. ఇసుక సందుల్లో చచ్చిన ఆర్టీమియా కుళ్ళుతుంది, అది మీకు కనబడదు. గాజు అడుగైతే రోజూ సన్న పైపుతో లాగెయ్యొచ్చు. తొట్టి వెనక, కింద నల్ల కాగితం అంటించండి, పిల్లలూ మేతా రెండూ స్పష్టంగా కనబడతాయి.

ఫిల్టరు అంటే గాలితో నడిచే స్పాంజి ఫిల్టరు ఒక్కటే. మోటారు ఉన్నవి ఏవైనా పిల్లల్ని పీల్చేస్తాయి. అయితే కొత్త స్పాంజి పెట్టి ఫిల్టరు ఉందిలే అనుకుంటే అది ఉత్త స్పాంజి ముక్కే. చేపల రెట్ట, కుళ్ళిన మేత నుంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులో ఇల్లు కట్టుకోవాలి. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇవాళే ఒక స్పాంజి కొని మీ మూడడుగుల ట్యాంకులో పెట్టి నడపడం మొదలెట్టండి. ఈ విడత గుడ్లకి అందకపోయినా ఫరవాలేదు. కొత్త జంట మొదటి గుడ్లని చాలాసార్లు తామే తినేస్తాయి, వారం పదిహేను రోజుల్లో మళ్ళీ పెడతాయి.

హీటరు గురించి ఒక మాట. వైజాగ్‌లో హీటరెందుకు అని అందరూ అంటారు. ఎండాకాలం అక్కర్లేదు, నిజమే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం చిన్న తొట్టి తొందరగా చల్లబడుతుంది. ఏంజెల్ గుడ్లకీ పిల్లలకీ 27 నుంచి 28 డిగ్రీలు నిలకడగా ఉండాలి. 50 వాట్లది చాలు. మట్టం ఆరంగుళాలే కాబట్టి నిలువుగా పెడితే సగం బయట ఉంటుంది, అడ్డంగా పెట్టండి. నీళ్ళు తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి, లేకపోతే గాజు పగులుతుంది.

గాజువాక_గప్పీ

అన్నా, నాదొక డౌటు. నాలుగు వారాలు ఆగలేనోడు పాత స్పాంజిని కొత్త తొట్టిలో పిండీయొచ్చా? ఆ మట్టి నీళ్ళకి పిల్లలకి ఏటవ్వదా? ఇంకోటి, షాపులో బ్యాక్టీరియా సీసా అమ్ముతన్నారు. అది వేసీస్తే మర్నాడే చేపల్ని వేసీయొచ్చు అంటన్నారు.

మేడమీద_ట్యాంకులు

తమ్ముడూ, పిండాల్సింది పిల్లలున్న తొట్టిలో కాదు. బకెట్లో పెద్ద ట్యాంకు నీళ్ళు తీసుకుని, అందులో పాత స్పాంజి పిండి, ఆ మురికి నీళ్ళలో కొత్త స్పాంజిని ముంచి నాలుగైదు సార్లు నొక్కాలి. కుళాయి నీళ్ళలో పిండితే క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దానికన్నా మంచిది, పాత స్పాంజినే పిల్లల తొట్టికి మార్చి కొత్తదాన్ని పెద్ద ట్యాంకులో ఉంచడం. పెద్ద ట్యాంకులో రాళ్ళు, ఇసుక, గాజు అన్నింటికీ బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది.

సీసాల మాట సీసా మీద రాసినదాన్ని బట్టి నమ్మకు. అమ్మోనియా టెస్టు కిట్ కొనుక్కో. చుక్కలు వేసి చూస్తే సున్నా రావాలి. సీసా వేసినా, వెయ్యకపోయినా తీర్పు ఆ రంగుదే.

భీమిలి_హేచరీ

నేను భీమిలి వైపు రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని. ఇంట్లో చేపల అనుభవం తక్కువ, లార్వా అనుభవం ఎక్కువ. నీళ్ళ గురించి చెప్పగలను, ఎందుకంటే మా పనిలో సగం అదే.

మా దగ్గర సముద్రపు నీళ్ళని ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, క్లోరిన్ కొట్టి, గంటలకొద్దీ గాలి పట్టించి, మిగిలిన క్లోరిన్‌ని సోడియం థయోసల్ఫేట్‌తో విరిచేస్తాం. ఆ తర్వాత కూడా నమ్మం. గాజు గొట్టంలో కొంచెం నీళ్ళు తీసి ఓటీ చుక్కలు, అంటే ఆర్థోటోలిడిన్ వేస్తాం. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే. రంగు రాకపోతేనే నాప్లీ, అంటే అప్పుడే పొదిగిన పిల్లల్ని దించుతాం. ఇంట్లో కూడా ఇదే పద్ధతి. జీవీఎంసీ నీళ్ళని ఒక డ్రమ్ములో పట్టి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఒక రోజంతా ఆడించండి. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడండి, షాపుల్లో ఆ పేరుతో దొరికేవి చాలావరకు థయోసల్ఫేటే. స్విమ్మింగ్ పూల్ సామాను అమ్మేచోట ఓటీ కిట్ దొరుకుతుంది. అందులోని ద్రావణం విషం, చేతికి తగలనివ్వకండి, పరీక్ష చేసిన నీళ్ళని తొట్టిలో కలపకండి. వానాకాలంలో రిజర్వాయరు నీళ్ళు బురదగా వచ్చినప్పుడు క్లోరిన్ మోతాదు పెరుగుతుంది, ఆ నెలల్లో ఇంకా జాగ్రత్త.

బోరు నీళ్ళని నేరుగా వాడొద్దు. భూమిలోంచి వచ్చినప్పుడు వాటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే తీసిన వెంటనే పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) చూస్తే తక్కువ కనిపిస్తుంది, ఒక రోజు గాలి పట్టాక చూస్తే పైకెక్కి ఉంటుంది. తీరానికి దగ్గరున్న వీధుల్లో బోర్లు ఉప్పగా కూడా ఉంటాయి. నీళ్ళలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ పెన్నుతో ఒకసారి కొలవండి.

పీహెచ్ ఎందుకంత ముఖ్యమో లెక్క చెబుతాను. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి విషం, ఇంకొకటి అంత ప్రమాదం కాదు. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషం భాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అదే ఆరు శాతం దాటుతుంది. కిట్‌లో ఒకే రీడింగు, ప్రమాదం మాత్రం సుమారు తొమ్మిది రెట్లు. మన బోర్లలో చాలావాటికి 8 దాకా వస్తుంది కాబట్టి "పక్కింటాయన తొట్టిలో ఏమీ కాలేదు" అనే మాట మీ తొట్టికి వర్తించకపోవచ్చు.

పెందుర్తి_మాస్టారు

అందరూ బాగా చెబుతున్నారు. మేత విషయంలో ఒక మాట కలుపుతాను. ఆర్టీమియా టిన్ను ఖరీదు అందరికీ అందదు. ఉడకబెట్టిన కోడిగుడ్డు పచ్చసొనని పల్చటి గుడ్డలో కట్టి నీళ్ళలో పిండితే పొగలా పరుచుకుంటుంది. గోల్డ్ ఫిష్ పిల్లల్ని మేము ఏళ్ళ తరబడి దానితోనే పెంచాం. దొడ్లో సిమెంటు తొట్టి, అందులో గుర్రపుడెక్క. దాని వేళ్ళకే గుడ్లు అంటించేవి. వేళ్ళతో సహా మొక్కని తీసి వేరే తొట్టిలో వేస్తే చాలు. అమ్మాయి గారు ఖర్చుకి భయపడకుండా దీన్ని కూడా ఆలోచించవచ్చు.

మేడమీద_ట్యాంకులు

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అంటున్నాను, ఇరవై లీటర్ల ఏంజెల్ తొట్టికి పచ్చసొన వద్దు. తిన్నది పిసరంత, మిగిలింది అడుగున పేరుకుని అమ్మోనియా. అంతకన్నా పెద్ద చిక్కు పైన ఉంది. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, అది నీళ్ళ పైన పొరగా కడుతుంది. ఈదడం మొదలెట్టిన పిల్లల్లో గాలితిత్తి నిండాలి. చాలా రకాల చేపపిల్లలు మొదటి గాలిని నీళ్ళ పైకి వచ్చి మింగుతాయి. నూనె పొర అడ్డుపడితే ఆ తిత్తి నిండదు. అలాంటి పిల్ల ఎంత తిన్నా పైకి లేవలేక అడుగున పొట్ట మీద పాకుతూనే ఉంటుంది.

అమ్మా, మేత ఏదైనా సరే, రోజూ ఉదయం తొట్టిని పక్క నుంచి చూసి పైన పొర కనబడితే తెల్ల టిష్యూ కాగితం పరిచి ఎత్తెయ్యండి. సముద్రపు చేపల హేచరీల్లో ఈ పనికి ప్రత్యేకంగా స్కిమ్మర్లు పెడతారు.

పెందుర్తి_మాస్టారు

మీరు చెప్పిన పొర సంగతి ఒప్పుకుంటాను. మా సిమెంటు తొట్టిలో వందల లీటర్ల పచ్చనీళ్ళు, ఎండ, నత్తలు. మిగిలిన మేతని తినడానికి అన్నీ ఉండేవి, పచ్చనీళ్ళే సగం మేత. గాజు తొట్టిలో ఆ సదుపాయం లేదు. పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకే నా పద్ధతి.

భీమిలి_హేచరీ

ఆర్టీమియా ఖరీదు గురించి మాస్టారు అన్నది నిజం. మేం వాడే టిన్ను 425 గ్రాములు, ఇంటికి అంత అక్కర్లేదు. షాపుల్లో చిన్న డబ్బాల్లో విడిగా దొరుకుతుంది. మంచి రకం అయితే ఒక్క గ్రాము గుడ్ల నుంచి రెండు లక్షలకి పైగా నాప్లీ వస్తాయి. అంటే ఒక జంట ఏంజెల్ పిల్లలకి రోజుకి చిటికెలు సరిపోతాయి.

పొదిగే తీరు ఇది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకి 25 గ్రాముల కల్లుప్పు, పీహెచ్ 8 పైన ఉండటానికి చిటికెడు వంటసోడా. గాలి పైపు మూతి దాకా దించి గట్టిగా ఆడించాలి, గుడ్లు ఎక్కడా కూర్చోకూడదు. పైన బల్బు వెలుగుతూ ఉండాలి, వెలుతురు లేకపోతే సరిగ్గా పొదగవు. 28 డిగ్రీల దగ్గర సుమారు ఒక రోజుకి నారింజ రంగు తిరుగుతుంది.

అసలు పని తియ్యడంలో ఉంది. గాలి ఆపి పది నిమిషాలు వదిలెయ్యండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అట్టడుగుకి చేరతాయి, నాప్లీ వెలుతురు ఉన్న వైపుకి గుమిగూడతాయి. సీసా మూతి దగ్గర టార్చి పెట్టి, మొదటి కొంచెం నీళ్ళు పారబోసి, ఆ తర్వాత వచ్చే నారింజ రంగు భాగాన్ని నేత గట్టిగా ఉన్న సన్న గుడ్డలో వడగట్టి మంచినీళ్ళతో కడగండి. పెంకులు, పొదగని గుడ్లు పిల్లల కడుపులోకి పోతే పేగు అడ్డుపడుతుంది. ఈ ఒక్క దగ్గర ఓపిక పట్టినవాళ్ళ పిల్లలు బతుకుతాయి.

నాప్లీ పొదిగిన గంటల్లోనే వాటి సొంత పచ్చసొన కరిగిపోవడం మొదలవుతుంది. అందుకే తాజాగా వెయ్యాలి. రెండు సీసాలు పెట్టుకుని రోజు మార్చి రోజు మొదలుపెడితే తెంపు లేకుండా వస్తుంది. మిగిలినవి ఫ్రిజ్‌లో ఉంచితే ఒక పూట ఆగుతాయి.

వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా: మన గాలిలో తేమ వల్ల తెరిచిన డబ్బా తొందరగా పాడవుతుంది. గుడ్లు చెమ్మ పీల్చుకుంటే పొదుగుదల పడిపోతుంది. గాలి చొరని సీసాలో సిలికా జెల్ పొట్లం వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

అక్కయ్యపాలెం_ఏంజెల్

ఇంత వివరంగా చెప్పినందుకు మీ అందరికీ కృతజ్ఞతలండి. స్పాంజి కొని పెద్ద ట్యాంకులో పెట్టేశాను. ఆర్టీమియాకి ఉప్పు కలపడం ఎందుకు, మనకి సముద్రం దగ్గరే కదా, ఆర్కే బీచ్ నుంచి ఒక క్యాను నీళ్ళు తెచ్చుకోవచ్చా?

భీమిలి_హేచరీ

తెచ్చుకోవచ్చు. ఆర్టీమియా 20 నుంచి 35 పీపీటీ (సుమారుగా లీటరుకి అన్ని గ్రాముల ఉప్పు) ఉప్పుదనంలో బాగానే పొదుగుతుంది. వరదల కాలం తర్వాత నదుల నీళ్ళు కలిసి మన తీరంలో పైనీళ్ళ ఉప్పుదనం తగ్గుతుంది, అప్పుడు కొంచెం ఉప్పు కలుపుకోండి. ఒడ్డున నురగ తట్టే చోట, కాలవ నీళ్ళు కలిసే చోట, హార్బరు వైపు పట్టొద్దు. రుషికొండ దాటాక శుభ్రమైన చోట పట్టి, గుడ్డలో వడగట్టి, మరిగించి చల్లార్చి వాడండి. నా మటుకు నాకు కల్లుప్పే నమ్మకం, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

ఫైటర్_ప్రియ (సీతమ్మధార)

ఏంజెల్ వాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ పిల్లల నోరు మొదటి రోజే ఆర్టీమియా పట్టేంత ఉంటుంది. ఈ చర్చ చదివి ఫైటర్లకి, గౌరామీలకి ఇదే పద్ధతి అనుకోకండి. వాటి పిల్లలు ఇంకా చిన్నవి, మొదటి కొన్ని రోజులు ఇన్ఫ్యూసోరియా, అంటే నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు కావాలి. ఎండిన బాదం ఆకులు వేసి పాత ట్యాంకు నీళ్ళు పోసి కిటికీ దగ్గర కొన్ని రోజులు ఉంచితే నీళ్ళలో సన్నటి పొగలా కదులుతూ కనబడుతుంది. తర్వాత మైక్రోవార్మ్ (మేతగా పెంచే సన్నటి పురుగులు), ఆ తర్వాతే ఆర్టీమియా.

బాదం ఆకు అంటే మన వీధుల్లో ఉన్న బాదం చెట్టుదే. చెట్టున పండి తానే రాలిన ఎర్ర, గోధుమ రంగు ఆకులు ఏరండి, పచ్చివి కోయకండి. మెయిన్ రోడ్డు దుమ్ము పడ్డవి వద్దు. కడిగి ఎండబెట్టి వాడుకుంటే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, అది మంచిదే.

ఫైటర్ పిల్లలకి మూడు నాలుగు వారాల వయసులో పైగాలి పీల్చే అవయవం తయారవుతుంది. ఆ సమయంలో తొట్టి మూత తియ్యకూడదు. నీళ్ళ పైన గాలి కూడా నీళ్ళంత వెచ్చగా, చెమ్మగా ఉండాలి. మగ ఫైటరు బుడగల గూడు కాపలా కాస్తుంది, పిల్లలు అడ్డంగా ఈదడం మొదలెట్టిన రోజు ఆ మగదాన్ని తీసెయ్యాలి.

ఇంకా ఎవరూ అనని విషయం ఒకటి, నాకు దీనిమీద చాలా పట్టుదల. దోమల మందు. దోమల కాయిల్, లిక్విడ్ మిషన్, స్ప్రే, వీటన్నింటిలో ఎక్కువగా ఉండేవి పైరెథ్రాయిడ్లు అనే పురుగుమందులు. మనుషులకి పెద్దగా తెలియని మోతాదే చేపలకి విషం, చేపపిల్లలకి మరీ. మీ ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్ళలోకి ఊదుతుంది. పిల్లల తొట్టి ఉన్న గదిలో ఇవేవీ వద్దు, దోమతెర కట్టుకోండి. వీధిలోకి ఫాగింగ్ బండి వచ్చిన చప్పుడు వినబడితే కిటికీలు మూసి, పొగ పోయేదాకా పంపు ఆపి, తొట్టి మీద తడిగుడ్డ కప్పండి. సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో వద్దు.

గాజువాక_గప్పీ

అక్కా ఇది అందరికీ తెలియాలి. మా ఇంట్లో సాయంత్రం అయితే కాయిల్ ఎలిగించీడమే. పంపుని వేరే గదిలో పెట్టి పైపు పొడుగు చేసీస్తే?

ఫైటర్_ప్రియ

శుభ్రమైన గాలి ఉన్న గది అయితే మంచిదే. కాయిల్ ఉన్న గదిలో తొట్టి ఉంటే మాత్రం పంపు ఎక్కడున్నా నీళ్ళ పైపొర నుంచి చేరుతుంది. తొట్టినే మార్చెయ్.

పెందుర్తి_మాస్టారు

పంపు సంగతి వచ్చింది కాబట్టి కరెంటు గురించి చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళంతా రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. నా తొట్లలో గోల్డ్ ఫిష్ పిల్లలు ఉన్నాయి. మొదట మేత పూర్తిగా ఆపేశాను. తినని చేప తక్కువ ఆక్సిజన్ వాడుతుంది, నీళ్ళూ పాడవవు. మట్టం తగ్గించాను, లోతు తక్కువైతే గాలి సులువుగా అందుతుంది. ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుని చెంబుతో నీళ్ళు ముంచి కొంచెం ఎత్తు నుంచి అదే తొట్టిలో పోస్తూ ఉన్నాం. చాలావరకు దక్కాయి.

ఇప్పుడు సౌకర్యాలు పెరిగాయి. యూఎస్‌బీతో నడిచే చిన్న ఎయిర్ పంపులు దొరుకుతున్నాయి, ఫోను పవర్ బ్యాంకుతో గంటల తరబడి ఆడతాయి. చేపపిల్లలున్న ఇంట్లో ఒకటి ఉండి తీరాలి. తుపాను కబురు వినగానే పవర్ బ్యాంకులు నింపుకోండి, డ్రమ్ములో నీళ్ళు పట్టి పెట్టుకోండి. పంపుని నీళ్ళ మట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేదా పైపుకి చెక్ వాల్వు వెయ్యండి. కరెంటు పోగానే నీళ్ళు పైపులోంచి వెనక్కి కారి పంపు పాడవుతుంది, నేల మీద ఉంటే తొట్టి సగం ఖాళీ అవుతుంది.

మేడమీద_ట్యాంకులు

మాస్టారు చెప్పిన దానికి వేసవి మాట చేరుస్తాను. వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములు దాటి పడుతుంది, 30 దగ్గర ఏడున్నరే. మేడ మీద రేకుల గదిలో మే నెలలో పిల్లల తొట్టి పెట్టొద్దు. ఫ్యాను గాలి తగిలితే నీళ్ళు ఆవిరై చల్లబడతాయని చదివి ఉంటారు. మన ఉక్కపోతలో ఆవిరి తక్కువ, ఆ చల్లదనం ఆశించినంత రాదు. ఇంట్లో చల్లటి గది చూసుకోవడమే దారి.

మొక్కల గురించి అడిగారు, మరిచిపోయాను. ఏంజెల్ పిల్లలకి అవసరం లేదు. పెట్టాలనుకుంటే జావా మాస్ అనే నాచు గుప్పెడు, అదీ మీ సొంత ట్యాంకులోది. చెరువుల్లోంచి తెచ్చిన మొక్కతో తూనీగ పిల్లలు, హైడ్రా (చేపపిల్లల్ని పట్టే చిన్న జీవి) వస్తాయి. తూనీగ పిల్ల నీళ్ళలో ఉన్నంతకాలం వేటాడుతుంది, ఒక్కటి చాలు తొట్టి ఖాళీ చెయ్యడానికి.

గాజువాక_గప్పీ

గప్పీలు ఎక్కువైపోనాయి, ఉంచడానికి చోటు లేదు. మేఘాద్రిగెడ్డలో వదిలీయొచ్చా? దోమలు తింటాయి కదా.

నిర్వాహకుడు

వద్దు తమ్ముడూ. రిజర్వాయర్లలో, గెడ్డల్లో, చెరువుల్లో ట్యాంకు చేపల్ని వదలకూడదు. బయటి దేశాల చేపలు మన చిన్న చేపల మేతా చోటూ లాక్కుంటాయి. మన రాష్ట్రంలో చెరువుల రైతులు సక్కర్ చేపతో పడుతున్న బాధ అలా మొదలైనదే. ఈ వేదికలో ఉచితంగా ఇచ్చే విభాగం ఉంది, అక్కడ పెట్టు. మగ, ఆడ వేరు చేసి పెంచితే ముందుముందు ఈ ఇబ్బంది రాదు.

అక్కయ్యపాలెం_ఏంజెల్

నిన్న సాయంత్రం గుడ్లు పెట్టాయండి! ఫిల్టరు పైపు మీద కాదు, నేను ట్యాంకులో వాలుగా ఆనించిన పీవీసీ పైపు ముక్క మీద. వరసలుగా, తేనె రంగులో ఉన్నాయి. పొద్దున్నకి అక్కడక్కడ కొన్ని తెల్లబడ్డాయి. తల్లిదండ్రులు వాటిని ఏరి తింటున్నాయి. అన్నీ పోతాయేమోనని భయంగా ఉంది. తీసెయ్యనా, ఉంచనా? షాపులో గుడ్లకి బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే నీలి మందు ఇచ్చారు.

మేడమీద_ట్యాంకులు

భయపడకండి. తెల్లబడినవి ఫలించనివి, వాటికి బూజు పడుతుంది. అక్కడక్కడ కొన్ని తెల్లబడటం సహజం. రెండో రోజుకి అన్నీ తెల్లబడితే మాత్రం మీ జంట రెండూ ఆడవే అయి ఉండొచ్చు, ఏంజెల్స్‌లో అలా జరుగుతుంది. తల్లిదండ్రులు తెల్లవాటినే ఏరుతుంటే అది మంచి లక్షణం. మిగతా నాలుగు చేపలు అదే ట్యాంకులో ఉన్నాయి కాబట్టి రాత్రికి నమ్మకం లేదు. ఈసారికి తీసెయ్యండి.

వెడల్పాటి గిన్నెని ట్యాంకులోనే ముంచి, నీళ్ళలోపలే పైపు ముక్కని అందులోకి తీసుకుని, గిన్నెతో సహా చిన్న తొట్టికి మార్చండి. పైపు పక్కన ఎయిర్ స్టోన్ పెట్టండి. గుడ్ల మీదుగా నీళ్ళు కదలాలి, బుడగలు నేరుగా గుడ్లకి తగలకూడదు.

మిథిలీన్ బ్లూ నీళ్ళు లేత నీలంగా కనబడేంత చాలు. అది స్పాంజిలోని బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది. అందుకని స్పాంజిని ఇప్పుడు చిన్న తొట్టిలో పెట్టకండి, పెద్ద ట్యాంకులోనే నడవనివ్వండి. 28 డిగ్రీల దగ్గర మూడో రోజుకి పొదుగుతాయి. పిల్లలు తల దగ్గరి జిగురు దారాలతో పైపుకి వేలాడుతూ తోకలు ఆడిస్తుంటాయి. అప్పటి నుంచి రోజూ కొంచెం కొంచెం నీళ్ళు మారుస్తూ నీలం రంగు తీసెయ్యండి. పోసే నీళ్ళు పెద్ద ట్యాంకువే, అదే వేడిలో, గాలి పైపుతో చుక్కచుక్కగా.

వేలాడుతున్న నాలుగైదు రోజులూ మేత వెయ్యొద్దు. పొట్ట కింద పచ్చసొన ఉంది, అదే వాటి తిండి. ఎంత ముద్దొచ్చినా ఆగండి. ఇవాళ వేసిన మేత రేపటి అమ్మోనియా. అవి పైపు వదిలి గుంపుగా ముందుకి ఈదడం మొదలెట్టిన రోజు స్పాంజి తెచ్చి పెట్టండి, అదే రోజు మొదటి ఆర్టీమియా. దానికి ముందు రోజే సీసా పెట్టుకోవాలి, లెక్క చూసుకోండి.

భీమిలి_హేచరీ

ఆర్టీమియా సీసా ఇవాళే ఒకటి పరీక్షకి పెట్టి చూసుకోండమ్మా. మీరు కొన్న గుడ్లు ఎంత శాతం పొదుగుతున్నాయో, ఎన్ని గంటలకి వస్తున్నాయో తెలుస్తుంది. పాత సరుకైతే మార్చుకోవడానికి మీ చేతిలో వారం ఉంది.

అక్కయ్యపాలెం_ఏంజెల్

సీసా పెట్టేశానండి. పిల్లలకి మేత సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? రోజుకి ఎన్నిసార్లు? రాత్రి లైటు ఆపెయ్యాలా?

మేడమీద_ట్యాంకులు

పొట్ట చూడండి. ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో గుండ్రంగా కనబడుతుంది, నల్ల కాగితం అంటించమన్నది అందుకే. రోజుకి నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొంచెం. మంచినీళ్ళలో నాప్లీ కొన్ని గంటలే బతుకుతాయి, కాబట్టి ఒకేసారి ఎక్కువ వేస్తే చచ్చి అడుగున పడతాయి. చివరి మేత వేసిన అరగంటకి సన్న పైపుతో అడుగు లాగి, ఆ నీళ్ళని తెల్ల బకెట్లోకే పట్టండి. పిల్లలు వచ్చేస్తే కనబడతాయి, గరిటెతో వెనక్కి వెయ్యొచ్చు. రోజుకి పది నుంచి ఇరవై శాతం నీళ్ళు మార్చాలి. మొదటి వారం రాత్రి గదిలో చిన్న బెడ్‌లైటు వెలగనివ్వండి, పూర్తి చీకట్లోంచి ఒక్కసారిగా లైటు వేస్తే పిల్లలు బెదిరి గాజుకి కొట్టుకుంటాయి.